బ్యాటరీకి కుట్టిన కవరు

ఆ ఇంట్లో కవరు లేనిది ఏదైనా ఉందంటే అది మామగారొక్కరే. ఈ మాట అన్నది కూడా ఆయనే.

ఫ్రిజ్‌కి కవరు, ఫ్రిజ్ తలుపు పిడికి విడిగా ఇంకో కవరు. వాషింగ్ మెషీన్‌కి, మిక్సీకి, కుట్టుమిషన్‌కి, ఆఖరికి అటక మీద పెట్టిన పాత సూట్‌కేసుకి కూడా కవరే. టీవీ రిమోట్‌కి గుడ్డ కవరు, ఆ గుడ్డ మాసిపోకుండా పైన ప్లాస్టిక్ కవరు. వార్తలు చూడాలంటే ముందు టీవీకి చొక్కా విప్పాలి. ఆ ఇంటి కోడలు కవర్లు కుట్టడంలో చెయ్యి తిరిగిన మనిషి. సోఫాలకి, కార్ల సీట్లకి, హోటల్ కుర్చీలకి కుట్టేది. ఒకసారి పళ్ల డాక్టరుగారు అడిగారని చేపల తొట్టికి కూడా కుట్టి, చేపలకు బయట కనిపించాలని దానికో కిటికీ పెట్టింది. వీధిలో ఎవరూ ఆమెను పేరు పెట్టి పిలవరు. కవర్లమ్మ అంటే చాలు, ఆటోవాడు ఇంటి ముందు దింపేస్తాడు.

ఆమెది పిచ్చి అనుకుంటే పొరపాటే. దుమ్ము పడితే వస్తువు పాడవుతుంది, కప్పి ఉంచితే నాలుగు కాలాలపాటు మన్నుతుంది అని ఆమె నమ్మకం. ఎవరి మీదైనా అభిమానం పుడితే ముందు వాళ్ల వస్తువుల కొలతలు తీసుకునేది. పెళ్లైన కొత్తలో భర్త కళ్లజోడు పెట్టెకు కవరు కుట్టి ఇస్తే అతను అటూ ఇటూ తిప్పి చూశాడు తప్ప సంగతి గ్రహించలేదు. మామగారు గ్రహించారు. "పిల్లకి నువ్వు నచ్చావురా, మొద్దూ" అన్నారు.

మామగారు ట్రాఫిక్ కానిస్టేబుల్‌గా చేసి రిటైరయ్యారు. ఉద్యోగమంతా ఒకే కూడలిలో, ఒకే గొడుగు కింద గడిచింది. వచ్చే బండీ పోయే బండీ వదిలిన పొగంతా ఆయన ఊపిరితిత్తుల్లోకి చేరి అక్కడే కాపురం పెట్టింది. ఇప్పుడు ఒక వాక్యం పూర్తిచెయ్యాలంటే మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవాలి. అందుకని నోటితో మాట్లాడటం తగ్గించి చేతులతో మాట్లాడేవారు. ఆ భాష ఆయనకు కొత్తది కాదు. అరచెయ్యి నిటారుగా లేస్తే ఆగమని. చెయ్యి పక్కకు ఊగితే పొమ్మని. వేళ్లు తనవైపు ఆడితే రమ్మని. మొగుడూ పెళ్లాం గొంతులు పెంచితే హాల్లో మంచం మీంచి అరచెయ్యి లేచేది, ఎక్కడి మాట అక్కడ ఆగిపోయేది. కప్పులో టీ పోస్తున్నా అంతే, చెయ్యి లేవగానే ధార ఆగాలి. ఆ చెయ్యి మాట ఆ ఇంట్లో ఎవరూ జవదాటరు.

కవర్ల విషయంలో మాత్రం కోడలు జవదాటేది. కొత్త కవరు కనిపించినప్పుడల్లా ఆయన చెయ్యెత్తేవారు.

"దానికి ఊపిరాడదమ్మా."

"మిక్సీకి ఊపిరేంటి మామయ్యా?"

"ఏదో ఒకరోజు... నాకూ కుట్టేస్తావు కవరు."

"ఊరుకోండి, అవేం మాటలు!"

"కుడితే కుట్టావుగానీ... మొహం మీదికి రానివ్వకు. ఊపిరాడదు నాకు."

ఇద్దరూ నవ్వుకునేవారు. ఇది ఎంత పాతబడిన హాస్యమంటే, ఆయన చెయ్యెత్తితే చాలు, మిగతా మాటలు ఆమే అనేసేది.

ఆయన మంచం హాల్లో బాల్కనీ తలుపు పక్కన వేశారు, గాలికోసం. బాల్కనీ రోడ్డువైపుకు ఉంది. రోడ్డు పొగ ఆయన మీదికి రాకూడదని కోడలు ఊచల నిలువునా దళసరి ప్లాస్టిక్ కవరు కుట్టి బిగించింది. వెలుతురు వస్తుంది, పొగ రాదు. మధ్యలో జిప్పు పెట్టింది. రోజూ ఆయన ఆ జిప్పు జానెడు తీసేవారు, ఆమె చూసి మూసేసేది. దీని మీద ఇద్దరికీ ఎప్పుడూ మాట రాలేదు. ఒకరు తియ్యడం, ఒకరు మూయడం, అంతే.

కొడుకు రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తాడు. పొద్దున్నే ఇంటింటికీ తిరిగి రక్తం తీసుకుని, ల్యాబ్‌లో ఇచ్చి, మధ్యాహ్నం ఇంటికి వచ్చి తిని, నడిచి వెళ్లి ల్యాబ్‌లో కూర్చుంటాడు. సాయంత్రం మళ్లీ ఇంకో చుట్టు. అతని పాత పెట్రోలు స్కూటరు సెల్లార్‌లో సరిగ్గా బాల్కనీ కింద ఉండేది. పొద్దున్నే దాన్ని తన్ని తన్ని స్టార్ట్ చేసేసరికి నల్లటి పొగ మెట్లెక్కి పైకి వచ్చేది. ఏ జిప్పూ దాన్ని ఆపలేదు. మామగారు దగ్గడం మొదలుపెడితే ఆ దగ్గు వీధి మలుపుదాకా కొడుకు వెంట వెళ్లేది.

"పొమ్మనలేక పొగబెట్టడం అంటే... ఇదేరా" అన్నారొకరోజు, దగ్గు తెరిపిచ్చాక.

ఆయన నవ్వుతూనే అన్నారు. కొడుక్కి మాత్రం ఆ మాట ముల్లులా దిగింది. ఆ రాత్రి భోజనాల దగ్గర కంచంలో చెయ్యిపెట్టి కూర్చుని, "ఊరందరి జబ్బులూ పరీక్ష చేస్తాను. ఇంట్లో మనిషికి నేనే జబ్బు చేస్తున్నాను. ఇంక చాలు, ఎలక్ట్రిక్ స్కూటర్ కొందాం" అన్నాడు. ఆమె వెంటనే సరేనంది. మామయ్య దగ్గు వింటూ కుట్టుమిషన్ తొక్కుతుంటే ఆమెకు దారం తెగిపోయేది.

షోరూమ్‌లో వాళ్లకు మొదట నచ్చింది ఎర్రది. ఎక్కువ దూరం వెళ్తుంది, రక్తం సీసాల ఐస్ పెట్టె ముందు భాగంలో చక్కగా పడుతుంది. అయితే దాని బ్యాటరీ బండిలోనే బిగించి ఉంటుంది, బయటికి రాదు. బండి నిలబెట్టే చోటే ఛార్జింగ్ పెట్టాలి. దాంతో కొడుకు అపార్ట్‌మెంట్ ప్రెసిడెంటుగారి దగ్గరకు వెళ్లి, సెల్లార్‌లో ఒక ప్లగ్ పెట్టించుకుంటానని, ఖర్చు తనదేనని అడిగాడు.

"సెల్లార్‌లోనా? రేపు అది అంటుకుంటే ఎవరిది బాధ్యత? బిల్డింగ్ మొత్తం పోతుందయ్యా."

"మరి ఎక్కడ పెట్టుకోమంటారండీ?"

"మీ ఇంట్లో పెట్టుకోండి. మీ గడప లోపల మీరేం చేసుకున్నా మాకేం అభ్యంతరం లేదు."

ఇల్లు కూడా బిల్డింగ్‌లోనే ఉంటుందన్న ముక్క ఆయనకు తట్టలేదు. తట్టినా, అది ఆయన ఇల్లు కాదు కదా. అలా ఎర్రది పోయి బూడిదరంగుది ఖాయమైంది. దాని సీటు ఎత్తితే కింద బ్యాటరీ, దానికో పిడి. చిన్న సూట్‌కేసులా లాగి తీసి ఇంట్లోకి మోసుకుపోవచ్చు.

బండి తెచ్చుకునే రోజు మామగారు తనూ వస్తానని పట్టుబట్టారు. షోరూమ్ గుమ్మం దగ్గర కుర్చీ వేస్తే కూర్చుని, కొడుకు బండి నడిపి చూడటం చూశారు. అది ముందుకు వెళ్లింది, వెనక్కి వచ్చింది. ఆకు రాలినంత చప్పుడు కూడా లేదు.

"చప్పుడేదిరా?"

"అదే దీని గొప్ప నాన్నా. చప్పుడుండదు, పొగుండదు."

"మొరిగే కుక్క... కరవదంటారు. ఇది మొరగదేం?"

అందరూ నవ్వారు. అందరికంటే ఎక్కువ షోరూమ్ అమ్మాయి నవ్వింది, అది ఆ పిల్ల ఉద్యోగం. మామగారు మాత్రం పూర్తిగా నవ్వలేదు. లేచి వచ్చి హ్యాండిల్ మీద చెయ్యి వేసి, కాసేపు అలాగే నిలబడి, "నాకోసమా ఇదంతా?" అన్నారు. ఆయన కళ్లు తడయ్యాయి. కోడలు చూడనట్టు తల తిప్పుకుంది. తనకూ ఏడుపొస్తుందని భయం.

తల తిప్పుకోవడానికి ఒక పని కావాలి కదా. సంచీలోంచి టేపు తీసి సీటు కొలతలు తియ్యడం మొదలుపెట్టింది. తర్వాత హ్యాండిల్, తర్వాత అద్దాలు, ఆఖరున బ్యాటరీ. సరిగ్గా అప్పుడే షోరూమ్ అమ్మాయి ఆమె భర్తకు కాగితాలు ఇస్తూ ఇలా చెప్పింది: "సార్, ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు బ్యాటరీని నేల మీదే పెట్టండి, చుట్టూ గాలి ఆడాలి. పరుపు మీద పెట్టకండి, మీద ఏమీ కప్పకండి. బాగా వేడెక్కుతుంది." కోడలు కొలతల ధ్యాసలో ఈ మాటలు వినలేదు. భర్త విన్నాడు. విని, సంతకాలు పెట్టి, తాళాలు అందుకుని, ఆ మాటల్ని కాగితాలతోపాటు మడిచి జేబులో పెట్టుకున్నాడు. జేబులో పెట్టినవన్నీ మనకు గుర్తుంటాయా?

ఇంటికి వచ్చేటప్పుడు మామగారు కొడుకు వెనక కూర్చుని తన పాత కూడలి మీదుగా పోనివ్వమన్నారు. అక్కడ ఎర్రలైటు దగ్గర ఆగినప్పుడు ఆయన వెనక సీటు మీంచి అరచెయ్యి ఎత్తి చూపించారు. డ్యూటీలో ఉన్న కుర్ర కానిస్టేబుల్ గుర్తుపట్టి సెల్యూట్ కొట్టాడు. వెనక ఆటోలో వస్తున్న కోడలు ఇది చూసి, ఇంత మంచి బండిని ఇంతకాలం కొననందుకు తమను తామే తిట్టుకోవాలనుకుంది.

బ్యాటరీ ఎక్కడ పెట్టాలన్నది ఇంట్లో పెద్ద చర్చేమీ కాలేదు. ఛార్జర్‌కు సరిపోయే పెద్ద ప్లగ్ ఆ ఇంట్లో ఒక్కటే ఉంది, అది హాల్లో. వీధి తలుపుకూ మామగారి మంచానికీ మధ్య గోడకు. కొడుకు బ్యాటరీని అక్కడ నేల మీద పెట్టి తగిలించాడు. చిన్న ఆకుపచ్చ దీపం వెలిగింది. మామగారు మంచం మీంచి దాన్ని చాలాసేపు చూశారు. సిగ్నల్ ఆకుపచ్చగా ఉందంటే ఆయన లెక్కలో అంతా సవ్యంగా ఉన్నట్టే.

వారం తిరక్కుండానే కవరు తయారైంది. బయట నీలం రెక్సిన్, లోపల మెత్తటి స్పాంజి, మోసేందుకు రెండు పట్టీలు. ఛార్జర్ వైరుకోసం ఒక పక్కన కన్నం కత్తిరించి, దాని చుట్టూ గుండీ కాజాకు కుట్టినట్టు సన్నటి కుట్టు వేసింది. కవరు తియ్యకుండానే ఛార్జింగ్ పెట్టుకోవచ్చు. ఆమె కుట్టినవాటిలో అంత పొందికైనది మరొకటి లేదు. బ్యాటరీకి తొడిగి, జిప్పు లాగి, వెనక్కి జరిగి చూసుకుంది.

మామగారి చెయ్యి లేచింది. "ఊపిరాడదమ్మా దానికి."

"మీకు అన్నిటికీ అంతే మామయ్యా" అని నవ్వింది.

ఈసారి ఆయన నవ్వలేదు, చెయ్యి వెంటనే దించలేదు కూడా. ఆమె గమనించింది, కానీ ఆయన అలసటగా ఉన్నారనుకుంది.

సాయంత్రం భర్త చూశాడు. "ఛార్జింగ్ పెట్టినప్పుడు కూడా ఉంచుతావా?" అని అడిగాడు.

"అందుకే కదా వైరుకి కన్నం పెట్టింది! చూడండి, ఎంత సరిగ్గా పట్టిందో."

అతను ఏదో అనబోయి ఆగాడు. ఆమె మొహంలో వెలుగు చూసి, తలూపి, కవరు మీద ఒకసారి చెయ్యి వేసి లోపలికి పోయాడు. బాగుందని చెప్పబోయి మొహమాటపడ్డాడని ఆమె అనుకుంది.

కొన్నాళ్లు ఏమీ కాలేదు. మామగారి దగ్గు తగ్గింది. పొద్దున్న కొడుకు బండి తీస్తే ఎవరికీ తెలిసేది కాదు, పక్కింటి పిల్లి కూడా లేవకుండా చక్రాల పక్కనే పడుకుని ఉండేది. డాక్టరు ఛాతీ మీద గొట్టం పెట్టి విని, పర్వాలేదే అన్నాడు. ఆ ఒక్క మాటకు కోడలు ఇల్లంతా కడిగింది.

తర్వాత మామగారు తలగడ అటు చివర నుంచి ఇటు చివరకు మార్చారు.

"ఏం మామయ్యా?"

బ్యాటరీవైపు చూపించి, చేత్తో విసురుకున్నారు. ఉక్క అని.

ఆమె వెళ్లి కవరు మీద చెయ్యి పెట్టింది. అప్పుడే ఇస్త్రీ చేసిన బట్టలా వెచ్చగా ఉంది. బ్యాటరీ తీసి చూస్తే లోపలి స్పాంజి ఒక పక్క పసుపు తిరిగింది. పాతబడిన దుప్పటి రంగు. నాసిరకం స్పాంజి అంటగట్టాడని కొట్టువాడిని తిట్టుకుంది. వేడి మామయ్యకు తగులుతోంది, అదీ ఆమె బాధ. దానికి ఆమెకు తెలిసిన మందు ఒకటే. రెట్టింపు మందం స్పాంజి తెచ్చి, కార్ల అద్దాలకు ఎండ తగలకుండా కుట్టే వెండిరంగు గుడ్డ మిగిలి ఉంటే దాన్ని లోపల అస్తరుగా వేసి, మళ్లీ కుట్టింది. ఇప్పుడు బయట చెయ్యి పెడితే చల్లగా ఉంది.

"చూశారా మామయ్యా? ఇంక వేడి రాదు."

ఆయన అరచెయ్యి లేచింది. ఆమె అప్పటికే వంటింట్లోకి తిరిగింది.

మరికొన్నాళ్లకు ఆయన ముక్కు ఎగబీల్చడం మొదలుపెట్టారు. "వాసన" అనేవారు. ఆమెకూ వచ్చింది ఒకసారి, తియ్యగా, గోళ్లరంగు సీసా మూత తీసినట్టు. పక్కింటి అమ్మాయి గోళ్లకు రంగేసుకుంటోందనుకుంది. "పెట్రోలు పొగ నాకు తెలుసు... డీజిలు తెలుసు. రబ్బరు కాలినా తెలుసు. ఇది... నేనెరగను" అన్నారు మామగారు. ఆమె ఊదువత్తి వెలిగించింది, మళ్లీ ఆయనకు పొగ పడదని వెంటనే ఆర్పేసింది.

షోరూమ్ అమ్మాయి ఆ రోజు ఆమె టేపు పట్టడం చూసి ముచ్చటపడి, స్కూటర్ల సీట్లకు కవర్లు కుట్టి ఇమ్మని కబురు పెట్టింది. పెద్ద బేరం. ఆ మధ్యాహ్నం కోడలు కుట్టినవన్నీ మూటకట్టింది. మూటలో బ్యాటరీ కవరు కూడా ఒకటి నమూనాగా పెట్టింది. నచ్చితే ప్రతి బండికీ ఒకటి కుట్టించుకుంటారు, ఎవరు కాదంటారు?

భర్త అప్పటికే వచ్చి, బ్యాటరీ తెచ్చి తగిలించి, తిని, ల్యాబ్‌కు నడిచి వెళ్లిపోయాడు. ఆమె కవరు జిప్పు సరిచేసి, మూట ఎత్తుకుంది. మామగారు వేళ్లు ఆడించి రమ్మన్నారు. బాల్కనీవైపు చూపించారు. ఆమె వెళ్లి ప్లాస్టిక్ జిప్పు జానెడు తీసింది. ఆయన తృప్తిగా కళ్లు మూసుకున్నారు. ఇంతలో కింద లారీ ఒకటి ఆగి నల్లటి పొగ వదిలింది. ఆమె చప్పుడు కాకుండా జిప్పు మళ్లీ కిందిదాకా మూసేసింది.

"వెళ్లొస్తా మామయ్యా."

కళ్లు తెరవకుండానే ఆయన చెయ్యి పక్కకు ఊపారు. పొమ్మని.

షోరూమ్‌లో సీటు కవర్లు అందరికీ నచ్చాయి. ఆమె ఆఖరున నమూనా తీసి బల్ల మీద పెట్టింది, పెళ్లిచూపుల్లో పిల్లని చూపించినంత గర్వంగా. "ఇది బ్యాటరీకండీ. మా ఇంట్లో దానికి కుట్టినట్టే ఇంకోటి కుట్టాను. వైరుకి కన్నం కూడా ఉంది, తియ్యకుండానే ఛార్జింగ్ పెట్టుకోవచ్చు."

అమ్మాయి లోపల వేలుపెట్టి స్పాంజి మందం చూసింది. వెండిరంగు అస్తరు చూసింది. ఉద్యోగం నవ్వు మొహం మీంచి పోయింది.

"ఛార్జింగ్ పెట్టినప్పుడు వెయ్యట్లేదు కదక్కా?"

"అప్పుడే కదమ్మా వేసేది."

"అయ్యో! కప్పొద్దని సార్‌కి చెప్పానక్కా. గాలాడకపోతే అంటుకుంటుంది. ఇప్పుడు... ఇప్పుడు ఛార్జింగ్‌లో ఉందా?"

ఆమె లేచింది. తీసుకోవాల్సిన డబ్బు, మూట, చెప్పులు అన్నీ అక్కడే వదిలేసి రోడ్డు మీదికి వచ్చింది. ఆటోలో కూర్చుని మామగారికి ఫోన్ చేసింది. మోగుతూనే ఉంది. భర్తకు చేసింది. పరీక్షలు చేసేవాళ్లు ఫోన్లు బయట పెట్టాలని ల్యాబ్ రూలు, అదీ మోగుతూనే ఉంది. ఇంటి కింద కొత్త స్కూటరు ఉంది, ఉండి ఏం లాభం? దాని ప్రాణం పైన మామయ్య మంచం పక్కన కవర్లో ఉంది. మామయ్యా, ఆ కవరు తీసెయ్యండి మామయ్యా, మీరు అన్నదే నిజం మామయ్యా అని ఆమె పైకే అంటోంది. ఆటోవాడు అద్దంలో ఒకసారి చూసి వేగం పెంచాడు.

కూడలి దగ్గర బళ్లన్నీ ఆగిపోయాయి. మధ్యలో గొడుగు కింద కుర్ర కానిస్టేబుల్ అరచెయ్యి ఎత్తి నిలబడ్డాడు. అచ్చం మామయ్య చెయ్యే. దిగి, బళ్ల మధ్యనుంచి, వేడి రోడ్డు మీద వట్టి కాళ్లతో పరిగెత్తింది.

వీధి మలుపు తిరిగి తలెత్తి చూసింది. పొగ లేదు. ప్రాణం లేచివచ్చింది. వాచ్‌మన్ గేటు దగ్గర పేపరు చదువుకుంటున్నాడు, పిల్లి నిద్రపోతోంది, అంతా రోజూలాగే ఉంది. మళ్లీ చూసింది. బాల్కనీ ప్లాస్టిక్ రోజూలా మెరవడం లేదు. లోపలివైపు తెల్లగా, పాలు పోసినట్టు చిక్కగా ఉంది. పొగ లేకపోవడమేం, బయటికి రాలేదంతే. ఆమె అంత గట్టిగా కుట్టింది మరి.

"అన్నా, రా!" అని వాచ్‌మన్‌ను కేకేసి మెట్లెక్కింది. లాగితే తాళం పడిపోయే తలుపు అది, తాళంచెవి రెండుసార్లు జారింది. తలుపు తెరిచేసరికి తెల్లటి పొగ మొహం మీద కొట్టింది. అదే తియ్యటి వాసన, ఇప్పుడు గొంతు పట్టేస్తోంది. గుమ్మానికి కాస్త అవతల నీలం కవరు ఉబ్బి, కుట్లు విడిపోయి, బుసకొడుతోంది. మొరగని కుక్క.

దానికి అవతల, బాల్కనీ గడప మీద మామగారు మోకాళ్లమీద ఉన్నారు. ఒక చెయ్యి ప్లాస్టిక్ జిప్పు పట్టుకుని ఉంది. అది సగం కూడా రాలేదు. తలుపు చప్పుడుకు ఆయన ఇటు తిరిగారు. కోడల్ని చూశారు. ఆమె "మామయ్యా!" అని అడుగు ఎత్తింది.

ఆయన జిప్పు వదిలేసి అరచెయ్యి ఎత్తారు. నిటారుగా, వేళ్లు కలిపి, కూడలిలో నిలబడినప్పుడు ఎత్తినట్టు.

ఆమె ఆగింది. ఆలోచించి ఆగలేదు. ఆ ఇంట్లో కాపురం చేసిన కాళ్లు అవి, ఆ చెయ్యి లేస్తే ఆగడం వాటికి అలవాటు. ఆమె కాలు ఇంకా గడపమీద ఉండగానే కవరు పగిలింది. మంట ఒక్కసారిగా తలుపు ఎత్తున లేచి, ఆమె అడుగు పెట్టాల్సిన చోటంతా కమ్మేసింది. వెనకనుంచి వాచ్‌మన్ ఆమె నడుం పట్టి మెట్ల మీదికి లాగాడు. ఆమె గోళ్లతో అతన్ని రక్కింది, కొరికింది, వదలమని ఏడ్చింది. అతను వదల్లేదు.

ఫైర్ వాళ్లు నిచ్చెన వేసి, బాల్కనీ ప్లాస్టిక్‌ను కత్తితో పైనుంచి కిందికి కోశారు. లోపలున్న పొగంతా అప్పుడు బయటికి వచ్చింది. మామగారిని కిందికి దించారు. ఒంటి మీద ఒక్క కాలిన మచ్చ కూడా లేదు. ఊపిరే లేదు, ఉన్నా ఎక్కడో అడుగున ఉంది. పొమ్మనలేక పొగబెట్టడం అని ఆయన నవ్వుతూ అన్న మాట అంబులెన్సులో ఆమెకు గుర్తొచ్చి, రెండు చేతులతో నోరు నొక్కుకుంది.

సాయంత్రందాకా యంత్రాలతో నడిపించారు. ఆ తర్వాత డాక్టరు బయటికి వచ్చి తల అడ్డంగా ఊపాడు.

భర్త గోడకు ఆనుకుని నేలమీద కూర్చుని ఉన్నాడు. ల్యాబ్ కోటు కూడా విప్పలేదు. "షోరూమ్ అమ్మాయి నాకు చెప్పింది" అన్నాడు. "కప్పొద్దంది. ఆ రోజు నువ్వు కవరు చూపించినప్పుడు గుర్తొచ్చింది కూడా."

"మరి చెప్పలేదేం?"

"అంత ఇష్టంగా కుట్టావు. ఎలా చెప్పను?"

ఆమెకు అతని మీద కోపం రావాల్సింది. వచ్చింది కూడా, కానీ నిలబడలేదు. మామయ్య రోజూ చెప్పారు, చెయ్యెత్తి మరీ చెప్పారు. ఆయన మాటే వినని మనిషి మొగుడి మాట వినేదా? తిలాపాపం తలా పిడికెడు అంటారు, ఆమె లెక్కలో మాత్రం పిడికిళ్లన్నీ తనవే.

లోపలికి వెళ్లారు. మామగారు ఇనప మంచం మీద, నోరు కాస్త తెరిచి, ఇంకొక్క ఊపిరి కోసం చూస్తున్నట్టు ఉన్నారు. కుడి చెయ్యి పక్కకు పడి ఉంది, అరచెయ్యి పైకి. ఆస్పత్రి ఆయమ్మ మడతపెట్టిన తెల్ల దుప్పటి తెచ్చి, విదిలించి, కాళ్ల దగ్గరనుంచి పైకి కప్పడం మొదలుపెట్టింది. మోకాళ్లు, నడుము, ఛాతీ. అలవాటైన చేతులు, ఎక్కడా ముడత పడనివ్వలేదు. గడ్డం దగ్గరకు వచ్చేసరికి కోడలు వెళ్లి దుప్పటి అంచు పట్టుకుంది.

"వద్దండీ."

"అలా ఉంచకూడదమ్మా. పూర్తిగా కప్పాలి."

"మొహం మీదికి వద్దు" అంది కవర్లమ్మ, అంచు రెండు చేతులతో పట్టుకుని. "ఆయనకి ఊపిరాడదు."